ముద్దకో ఎక్కం

పెళ్లి విందుల్లో నా పక్కన కూర్చోవడానికి మా చుట్టాలు ఇష్టపడరు. వాళ్లు పప్పు కలుపుకునేలోపు నేను పెరుగన్నం దాకా వెళ్లిపోయి, చెయ్యి కడుక్కునే నీళ్లెక్కడని అడుగుతుంటాను. వడ్డించేవాళ్లకు మాత్రం నేనంటే మహా ప్రేమ. విస్తరి ఊడ్చేసే మనిషిని చూస్తే వంటవాడికి కడుపు నిండుతుందట. మా ఊళ్లో దీన్ని ఆరోగ్యం అనేవాళ్లు. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. అది ఆరోగ్యం కాదని, మా బాపు నేర్పిన చదువని కడుపులో పుండు పడ్డాక తెలిసింది.

బాపు ఉప్పల్ బడిలో సార్. ఆయన చదివింది ఉర్దూలో, పిల్లలకు పాఠం చెప్పింది ఉర్దూలో. ఇంట్లో అందరిలాగే తెలుగు మాట్లాడేవాడు గానీ లెక్కలు మాత్రం ఆయన తలలో ఉర్దూలోనే నడిచేవి. మేక ఎప్పుడు ఈనుతుందో చెప్పాలన్నా ముందు ఉర్దూలో గొణుక్కొని, తర్వాత తెలుగులో బయటపెట్టేవాడు. యాభై ఆరులో రాష్ట్రం మారింది. తెలుగు తరగతులు పెరిగాయి, వాటిలో ఒకటి బాపు నెత్తిన పడింది. దాని వెనకే ఒక పుకారు కూడా వచ్చింది. బెజవాడ దిక్కు నుంచి కొత్త ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడట, తెలుగులో ఎక్కాలు అప్పజెప్పలేని సార్లను తరగతిలోనే నిలబెట్టి నౌకరీలోంచి తీసేస్తాడట. ఆ ఇన్‌స్పెక్టర్‌ను చూసినవాళ్లు ఎవరూ లేరు. చూడనివాళ్లందరికీ ఆయన మీసం ఎంత పొడుగో తెలుసు.

ముప్పయ్యేళ్లు దాటిన మనిషి, బడిలో బెత్తం పట్టుకొని తిరిగేవాడు, తనకు ఎక్కాలు రావని ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకోలేక, నాకు నేర్పడం మొదలుపెట్టాడు. నాకు నేర్పితే తనకూ వస్తాయని ఆయన ఆశ. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మిగతా వేళల్లో ఆయనకు బడి, పొలం పని ఉండేవి కాబట్టి మేమిద్దరం తీరిగ్గా ఎదురుపడేది మధ్యాహ్నం భోజనం దగ్గరే. పైగా ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. "ఆకలి మీద చదివింది సచ్చెదాంక మర్వరు" అనేవాడు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం. పదిహేడో ఎక్కం నాకు ఇప్పటికీ తలతో కాదు, కడుపుతో గుర్తుంది.

పద్ధతి ఇలా ఉండేది. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, బాపు నా ఎదురుగా కూర్చునేవాడు. ఆయన ఒళ్లో ఎక్కాల పుస్తకం. నా ముందు సత్తు కంచంలో జొన్నరవ్వతో వండిన గట్క, పచ్చిపులుసు. ప్రతి ముద్దకూ ఒక మెట్టు చెప్పాలి. పదిహేడు మూళ్లు ఎంత? యాభై ఒకటి, ముద్ద. పదిహేడు నాలుగులు? అరవై ఎనిమిది, ముద్ద. తప్పు చెబితే బెత్తంతో కంచాన్ని జానెడు వెనక్కి జరిపేవాడు. కొట్టేవాడు కాదు. ఆ సంగతి నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు కూడా. "నా కొడుకు మీద నేను ఎన్నడు చెయ్యి లేపలే" అని. నిజమే, ఆయన బెత్తం కంచానికి తప్ప ఎవరికీ తగల్లేదు.

చిక్కేమిటంటే ఆయనకూ సగమే వచ్చు. పదిహేడు ఎనిమిదులు నూటముప్పై ఆరు అని నేను సరిగ్గానే చెప్పినా, అనుమానంగా చూసి కంచం జరిపేవాడు. తర్వాత ఒళ్లో పుస్తకం తిప్పి చూసుకొని "ఊఁ, సరే" అనేవాడు. కంచం మాత్రం జరిగిన చోటే ఉండేది. సార్ తప్పు చేశాడని కంచం వెనక్కి వస్తే రేపు బడి నడిచినట్టేనా? పందొమ్మిదో ఎక్కం దాకా పోయేసరికి కంచం గడప దగ్గర ఉండేది. గడప అవతల మా కోళ్లు అప్పటికే వచ్చి నిలబడేవి. నాకు చదువు రాని రోజు వాటికి పండగ.

అమ్మ మొగుడికి ఎదురు చెప్పే మనిషి కాదు, దొంగదారి వెతికే మనిషి. బడి గంట కొట్టగానే నేను పరుగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి. బాపు గదులకు తాళాలు వేసి, తోవలో ఒకరిద్దరికి సమాధానం చెప్పి వచ్చేలోపు, అమ్మ పశువుల కొట్టంలో నా చేతికి గిన్నె ఇచ్చేది.

"బాపు వచ్చెటాలకు మింగు బిడ్డా. నములుకుంట కూసోకు" అనేది.

నమలడం తీరికున్నవాళ్ల పని అని నాకు అప్పుడే తెలిసింది. అలా ప్రతి మధ్యాహ్నం నేను రెండుసార్లు తినేవాణ్ణి, ముందు దొంగలాగా, తర్వాత విద్యార్థిలాగా. మొదటి తిండికి రుచి తెలిసేది కాదు, రెండోదానికి ఆకలి ఉండేది కాదు. బాపు కిర్రుచెప్పుల చప్పుడు సందు మొదట్లో వినబడగానే కడుపు పిడికిలిలాగా బిగుసుకునేది, మెడ వెనక చెమట పట్టేది, నోట్లో తడి ఆరిపోయేది. ఆరిన నోటితో జొన్న గట్క మింగడం ఏమిటో మింగినవాళ్లకే తెలుస్తుంది.

ఇక ఎదురుగా ఎవరూ కూర్చోని చోట తిండి కనబడిందా, నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. కీసర జాతర మర్నాడు మా మేనమామ ఇంట్లో గారెలు వండితే, అందరూ కాళ్లు కడుక్కొని వచ్చేసరికి గంపలో సగం లేవు. ఆకలైందా అని కడుపును అడిగే అలవాటు నాకు పోయింది, ఎవరైనా చూస్తున్నారా అని మాత్రమే అడిగేవాణ్ణి. "ఏం తింటడు పోరడు, రాళ్లు తిన్నా అరుగుతయి" అని మామ మురిసిపోయాడు. ఆ సాయంత్రం గారెలన్నీ ఆయన వాకిట్లోనే కక్కాను. అది దిష్టి అని తేల్చి ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు.

ఏడాది తిరిగేసరికి బొడ్డు పైన మంట మొదలైంది. మా వాడకట్టు వైద్యమంతా చేసే అవ్వ ఒకామె ఉండేది. ఆమె నా పొట్ట మీద వేళ్లతో నొక్కి, బొడ్డు జరిగిందని చెప్పింది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద పిండిముద్ద, దాంట్లో వత్తి పెట్టి వెలిగించి, పైన ఇత్తడి చెంబు బోర్లించింది. దీపం ఆరగానే చెంబు చర్మాన్ని లోపలికి పీల్చి గట్టిగా పట్టుకుంది. చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ బొడ్డు దారికొస్తోందని సంతోషపడ్డారు. మర్నాడు మధ్యాహ్నం పద్దెనిమిదో ఎక్కం దగ్గర మంట మళ్లీ వచ్చింది. అవ్వ మళ్లీ వచ్చింది, చెంబు మళ్లీ పట్టింది. ఆముదం తాగించారు, తాయెత్తు కట్టారు. బొడ్డు జరిగిందని ఊరంతా చూసింది గానీ కంచం జరుగుతోందని ఒక్కరూ చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు, రెండేళ్ల తర్వాత. మీసమే లేదు. బడి కప్పులో ఎన్ని పెంకులు పగిలాయో రాసుకొని, మంచినీళ్ల కుండ మీద మూత లేదని మందలించి, భోజనానికి మా ఇంటికే వచ్చాడు. అమ్మ ఆ రోజు కోడిని కోసి, సన్నబియ్యం వండింది. ఆయన ఒక్కో ముద్దా నమిలి, మధ్యలో ఊరి సంగతులు అడుగుతూ, గంటసేపు తిన్నాడు. బాపు చేతులు కట్టుకొని పక్కన నిలబడే ఉన్నాడు. ఎక్కాల ఊసే రాలేదు. ఆయన వెళ్లాక బాపు ఊపిరి పీల్చుకుంటాడని, నాకు సెలవు దొరుకుతుందని అనుకున్నాను.

"గీసారి అడగలే. వచ్చేసారి అడుగుతడు" అన్నాడు బాపు, పుస్తకం తీస్తూ.

నేను ఏడో తరగతికి వేరే బడికి పోయేదాకా ఆ చదువు అలాగే సాగింది.

పెద్దయ్యాక నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేతు మీద పనికి కుదిరాను. మా వాళ్ల జొన్నచేలున్న చోట రేకుల షెడ్లు లేస్తున్న రోజులు. క్యాంటీన్‌లో భోజనానికి అరగంట ఇచ్చేవాళ్లు. నేను ఐదు నిమిషాల్లో ముగించి మళ్లీ మిషన్ దగ్గర నిలబడేవాణ్ణి. మా ఫోర్‌మన్ గుంటూరు ఆయన.

"ఏవయ్యా, నిన్నెవరన్నా తరుముతున్నారా?" అని ఒకసారి అడిగాడు.

"లేదు సార్, గింతే నాకు అలవాటు" అన్నాను.

ఆయనకు అది క్రమశిక్షణలాగా కనబడింది. దసరాకు ఆయుధపూజ రోజు అందరి ముందు పిలిచి, పని మీద శ్రద్ధ అంటే ఇదీ అని పొగిడి, ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ బహుమతిగా ఇచ్చాడు. గబగబా మింగినందుకు దేశంలో బహుమతి అందుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. చప్పట్లు కొట్టించుకున్న మూడు వారాలకు అదే లేతు ముందు కడుపు పట్టుకొని ముడుచుకుపోయాను.

ఫ్యాక్టరీ దవాఖానాలో డాక్టరమ్మ ఉండేది, రాజమండ్రి వైపు మనిషి. మంట ఎప్పటి నుంచి అని అడిగింది. చిన్నప్పటి సంది అన్నాను. ఎంత చిన్నప్పటి నుంచి అంది. పదిహేడో ఎక్కం నుంచి అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. సంగతంతా చెప్పించుకుంది. జీవితంలో మొదటిసారి ఒకరు నా పొట్ట నొక్కకుండా నా మాట విన్నారు.

"భయపడ్డప్పుడు ఒళ్లు పరిగెత్తడానికి సిద్ధపడుతుందయ్యా, అరిగించుకోవడానికి కాదు. పసితనంలో రోజూ అన్నం ముందు అలా జరిగితే కడుపు అదే నేర్చుకుంటుంది. ఇప్పుడు నీ ఎదురుగా ఎవరూ లేకపోయినా అది భయపడుతూనే ఉంటుంది" అంది.

అలాంటి పుండుకు కంటికి కనబడని ఒక పురుగు కూడా కారణమని చాలా ఏళ్ల తర్వాత విన్నాను. ఉండవచ్చు. ఆ పురుగు మీద నాకేం కోపం లేదు, అది నన్ను ఎక్కాలు అడగలేదు. డాక్టరమ్మ పొడి మందు రాసి, టీ మానేసి పాలు తాగమని, ప్రతి ముద్దా ముప్పైసార్లు లెక్కపెట్టి నమలమని చెప్పింది. అన్నం ముందు కూర్చొని లెక్కపెట్టమని నాకు చెప్పడం, మంటను కిరసనాయిలుతో కడగమనడమే. అయినా మందు పనిచేసింది, కొంచెం నెమ్మదించాను.

ఇంత తెలిసినవాణ్ణి కదా, నా ఇంట్లో ఇలాంటిది జరగనిస్తానా? అప్పటికే నాకు నాలుగేళ్ల కూతురుంది. అది పుట్టినప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, దాని కంచం ముందు ఎక్కం అనే మాట ఎత్తనని, దాని ఆకలికి ఏ లోటూ రానివ్వనని. ఫ్యాక్టరీ నుంచి ఐదింటికి ఇల్లు చేరేవాణ్ణి. చేరగానే కాళ్లు కడుక్కొని, కంచం నిండా అన్నం, మధ్యలో నెయ్యి పెట్టించుకొని, బిడ్డ ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఇంకొక్క ముద్ద, ఇంకొక్కటే, ఇదొక్కటి తింటే లేస్తవు. అది నోరు తిప్పుకుంటే గడ్డం పట్టుకొని ఇటు తిప్పేవాణ్ణి. బతిమాలేవాణ్ణి, మిఠాయి ఆశ చూపేవాణ్ణి, అప్పుడప్పుడు గొంతు పెంచేవాణ్ణి. బాపు కంచాన్ని వెనక్కి జరిపాడు, నేను ముందుకు జరిపాను. కంచం ముందు ఇరుక్కున్న పసివాళ్లకు తేడా ఏం తెలుస్తుందని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు ఉప్పల్ మొత్తంలో నాలాంటి తండ్రి లేడనుకున్నాను.

నా బిడ్డ మింగడం మానేసింది. ముద్దను బుగ్గన పెట్టుకొని గంటసేపు అలాగే కూర్చునేది. గట్టిగా అంటే కక్కేది. చేతులు పుల్లల్లా అయ్యాయి. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె తూకం మీద నిలబెట్టి, పాత కాగితంతో పోల్చి, ముఖం ముడుచుకుంది.

"నాలుగు నెలలుగా పిసరంత కూడా పెరగలేదు. ఇంకో రెండు నెలలు చూద్దాం. అప్పటికీ పెరగకపోతే పెద్దాసుపత్రికి రాస్తాను. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పరీక్ష చేస్తారు. ఈలోపు దగ్గరుండి శ్రద్ధగా తినిపించండి" అంది.

నేను ఎవరికీ భయపడే వయసు దాటిపోయాననుకున్నాను, కాని ఆ రోజు దవాఖానా మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఏడ్చి, ఇంటికి వచ్చి, ఇంకో రెండు ముద్దలు పెంచాను. పొద్దున కోడిగుడ్డు, సాయంత్రం మేక బొక్కల పులుసు. పిల్ల బుగ్గ ఉబ్బేది, నా గొంతు పెరిగేది, మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయేది.

ఒకరోజు ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. రెండింటికే ఇంటికి పంపేశారు. మా సందులోకి తిరగగానే అరుగు కనబడింది. అప్పటికి బాపు రిటైరై మాతోనే ఉంటున్నాడు, పళ్లు సగం ఊడిపోయాయి. ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు, పక్కన నా బిడ్డ. ఇద్దరి మధ్య ఒకటే కంచం, పాలల్లో నానేసిన జొన్నరొట్టె. ఆయన పిల్ల వైపు చూడడం లేదు, రోడ్డు మీద పోయే ఎడ్లబండిని చూస్తున్నాడు. మిగిలిన పళ్లతో మెల్లగా నములుతున్నాడు. పిల్ల ఆయనకు ఏదో పొడుగు కథ చెబుతూ, మధ్యమధ్యలో కంచంలో చెయ్యి పెట్టి, తన ముక్క తను తీసుకొని తింటోంది. మింగుతోంది. మళ్లీ తీసుకుంటోంది. సందు మలుపులో నిలబడి నేను ఆరు ముక్కలు లెక్కపెట్టాను.

ఆ సంతోషంతోనే ముందుకు నడిచాను. పిల్ల నన్ను చూసింది. నేను ఒక్క మాటైనా అనలేదు, నవ్వుతూనే ఉన్నాను. దాని చెయ్యి కంచంలోంచి బయటికొచ్చింది. నోట్లో ఉన్న రొట్టె బుగ్గలోకి పోయింది. లేచి లోపలికి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

బాపు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నా కడుపును పుండు చేసిన మనిషి, నా బిడ్డకు ఇంత సుఖంగా ఎలా తినిపిస్తాడు? ఆ కోపంలో అసూయ ఎంతుందో అప్పుడు నాకు తెలియదు.

"బాపూ, నాకు గిట్లనే తినవెట్టినవా నువ్వు? యాదికున్నదా?" అన్నాను.

ఆయన నోట్లో ముక్క మింగాడు. "నువ్వు మంచిగ తింటుండె గద. గబగబ తింటుండె. నిన్ను బతిమాలే పని నాకు ఎన్నడు రాలే" అన్నాడు.

ఆయన నన్ను వెక్కిరించడం లేదు, నిజంగా అదే గుర్తుంది ఆయనకు. నేను ఎక్కాల సంగతి, కంచం జరపడం, ఇన్‌స్పెక్టర్ సంగతి అన్నీ విడమర్చి చెప్పాను. బాపు వింటూ రొట్టె కంచాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

"గప్పుడు నాకే తిన్నది అరగకపోతుండె బిడ్డా. నౌకరి పోతదేమో అని కడుపుల ఒకటే మంట. మీ అమ్మకు గూడ చెప్పలే" అన్నాడు.

పోట్లాడదామని వచ్చినవాడికి అలాంటి జవాబు ఇస్తే ఏం చేస్తాడు? లోపలికి వెళ్లాను. మా ఆవిడ బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. బుగ్గలో రొట్టె లేదు, మింగేసింది.

"దినాం గిట్లనే తింటదా?" అన్నాను.

"మీరు లేనప్పుడు తింటది" అంది మా ఆవిడ. "జరంత తింటది, మంచిగనే తింటది. సాయంత్రం మీ ముంగట కూసుండి తినుడు యాదికొస్తే పగలు గూడ సగంల లేస్తది. చెప్తే మీ మనసు నొస్తదని చెప్పలే."

నొచ్చింది. పుండు కన్నా ఎక్కువ నొచ్చింది. కాని గొట్టానికి ఇంకా నెలన్నరే ఉంది.

మర్నాటి నుంచి నేను షిఫ్టు దిగాక ఇంటికి పోలేదు. నాచారం చౌరస్తాలో ఇరానీ హోటల్లో కూర్చునేవాణ్ణి. టీ తాగొద్దన్నారు కాబట్టి ఒక గ్లాసు పాలు తెప్పించుకునేవాణ్ణి. ఇరానీ హోటల్లో గంటన్నర పాటు పాలు తాగే మగవాణ్ణి చూసి గల్లా మీది ముసలాయన మొదటి వారం జాలిపడ్డాడు, రెండో వారం అనుమానపడ్డాడు, మూడో వారం నుంచి అడక్కుండానే గ్లాసు పంపేవాడు. తోటి పనివాళ్లు ఇంట్లో కొట్లాటనుకొని నాకు సంసారం గురించి బోధించారు. ఆరున్నర దాటాక, బిడ్డ తినేసి చెయ్యి కడుక్కొని ఉంటుందని నమ్మకం కుదిరాక, లేచి నడిచేవాణ్ణి. ఇంటికి పోతే అది పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకునేది, దాని మూతికి పాలరొట్టె అంటుకొని ఉండేది. ఎంత తిన్నావని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. ఒక్కోరోజు అడిగేశాను కూడా. అడిగిన మర్నాడు తక్కువ తినేదట.

రెండు నెలలకు డాక్టరమ్మ పిల్లను తూకం మీద నిలబెట్టింది. ముల్లు కదిలింది, బాగానే కదిలింది. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూసింది. గొట్టం అక్కర్లేదని చెప్పి, నా వైపు తిరిగి మెచ్చుకుంది.

"చూశావా, తండ్రి దగ్గరుండి తినిపిస్తే పిల్లలు ఎలా పుంజుకుంటారో. ఇప్పుడు ఏం చేస్తున్నావో అదే చెయ్యి, మానకు" అంది.

మా ఆవిడ గోడ మీది పటం వైపు చూసింది. నేను అలాగేనమ్మా అన్నాను. వాళ్లిద్దరినీ రిక్షా ఎక్కించి ఇంటికి పంపి, హోటల్‌కు పోయి కూర్చున్నాను. నా బిడ్డ అన్నం తింటుంటే చూడడానికి నాకు ఆ తర్వాత ఇంకో మూడేళ్లు పట్టింది.